వెనక గది అద్దె

భిలాయిలో ఖర్చులుండవని మా నాన్న అనేవాడు. తక్కువని కాదు, అసలుండవని. ఆయన అక్కడ పనిలో చేరి అప్పటికి రెండేళ్ళు. సెలవుకి విజయనగరం వచ్చినప్పుడల్లా చాప మీద కూర్చుని, బియ్యం చవక, బొగ్గు చవక, కుళాయి తిప్పితే నీళ్ళు, బడికి ఫీజు లేదు, కరెంటు బిల్లు ఉన్నా లేనట్టే అని ఒక్కొక్కటీ చెబుతూ మా అమ్మకి అరచేతిలో వైకుంఠం చూపించేవాడు. అవి డెబ్బైల మధ్య రోజులు. నాకు తొమ్మిదేళ్ళు, తమ్ముడికి నాలుగు.

అమ్మ మాత్రం కదిలేది కాదు. అద్దె మిషను మీద రవికలు కుట్టి నాలుగు డబ్బులు సంపాదించుకునేది. చేతి కుట్టు సరిగ్గా వస్తుందని వీధిలో ఆవిడకి పేరుండేది. పైగా భిలాయిలో మేము దిగబోయేది మా సొంత కొంపలో కాదు. నాన్నకి ఉక్కు ప్లాంటులో ఉద్యోగం లేదు. ఊరి చివర హథ్‌ఖోజ్ అనే పేటలో ఒక చిన్న వర్క్‌షాపులో లేతు మీద పని. కాబట్టి క్వార్టరు రాదు. క్వార్టరున్నది మా పెదనాన్నకి, అంటే నాన్న పెద్దమ్మ కొడుక్కి. ఆయన ప్లాంటులో పర్మనెంటు. పిల్లలిద్దరికీ పెళ్ళిళ్ళయి వెళ్ళిపోయారు, వెనక గది ఖాళీగా ఉంది, వచ్చి ఉండండని ఆయనే పిలిచాడట.

ఆ పిలుపు దగ్గరే అమ్మ ఆగిపోయింది. చిన్నప్పుడే తండ్రి పోతే మేనమామ ఇంట్లో పెరిగిన మనిషి. అక్కడ తెల్లారిన దగ్గర్నుంచి చాకిరీ చేసింది. ఆ చాకిరీ ఎవరికీ గుర్తులేదు గానీ ఆవిడ తిన్న ముద్దలు మాత్రం ఆ ఇంట్లో అందరికీ గుర్తే. పెళ్ళయి బయటపడ్డాక ఇంకెవరి చూరు కిందా ఊరికే ఉండనని ఒట్టు పెట్టుకుంది. నాన్నతో అదే చెప్పింది.

"అద్దిచ్చుకుంతేనే వత్తాను. ఒకరి పంచన ఊరికే పడుండమంటే నా వల్ల కాదు."

నాన్న క్షణం కూడా ఆలోచించలేదు. తన జీతం రెండు వందల ఎనభై అనీ, అందులో నలభై నెల నెలా అన్నయ్య చేతిలో అద్దెగా పెట్టేస్తాననీ అన్నాడు. మిగిలినదాంట్లో ఇల్లు నడుస్తుందా అని అమ్మ రెండు రోజులు ఆలోచించింది. అత్తగారికి పంపేది, బియ్యం, పప్పు, నూనె, పిల్లల బట్టలు అన్నీ మనసులో అటూ ఇటూ సర్దుకుంది. బొటాబొటీగా సరిపోతుందని తేలాక మిషను తిరిగిచ్చేసింది. కుట్టాల్సిన రవికల గుడ్డలు ఎవరివి వాళ్ళకి అప్పజెప్పి, ఏడాదికి సరిపడా చింతపండు, ఎండుమిరపకాయలు మూటలు కట్టింది. రాయపూర్ పాసింజరులో ఆ మూటల మీదే కూర్చుని నేను భిలాయి చేరాను.

పెదనాన్న క్వార్టర్లో రెండు గదులు, వంటిల్లు, వెనకాల చిన్న పెరడు. వెనక గది తలుపు పెరట్లోకి తెరుచుకునేది. మా నలుగురికీ అదే ఇల్లు. అమ్మ మొదటి రోజే ఆ గది గుమ్మం కడిగి పసుపు రాసింది. పండగ కాదు, పబ్బం కాదు, ఎందుకమ్మా అంటే, డబ్బులిచ్చి ఉంటున్నాం కనక ఇది మన గుమ్మమే అంది.

ఇక వంటిల్లు. మా వైపు ఒక పద్ధతుంది. తోటికోడళ్ళు ఒక ఇంట్లో ఉంటే చిన్నది పొయ్యి దగ్గరుంటుంది, పెద్దది వాకిట్లో ఉంటుంది. ఇది ఎవరూ ఎవరికీ చెప్పరు. చెప్పాల్సి వస్తే పరువు తక్కువ. పెదనాన్న భార్యకి, అంటే మా పెద్దమ్మకి, మోకాళ్ళ నొప్పులు. రెండు పొయ్యిలు పెడితే బొగ్గు రెండింతలు. అంచేత వచ్చిన మర్నాటి నుంచే ఇద్దరి వంటా అమ్మ చేతికొచ్చింది. బొగ్గుపొడిలో పేడా మట్టీ కలిపి ఉండలు చేసి పెరట్లో ఎండబెట్టడం, పొద్దున్నే సిగ్డీ, అంటే బొగ్గుల కుంపటి, రాజేయడం, పెదనాన్న షిఫ్టుని బట్టి ఒక పూట ముందూ ఒక పూట వెనకా కారేజీ కట్టడం, అంట్లు, బట్టలు, నీళ్ళు. అంట్లు తోమే ఆవిడ ఒకామె ఉతై అనే పల్లె వైపు నుంచి వచ్చేదట. మేము వచ్చిన నెల నుంచే రావడం మానేసింది. కోతలకి ఊరెళ్ళిందని పెద్దమ్మ అంది. ఆ కోతలేమిటో, ఏడాది పొడుగునా సాగాయి.

అమ్మ ఒళ్ళు దాచుకునే మనిషి కాదు. పెద్దమ్మని సొంత అక్కని పిలిచినట్టు అప్పా అని నోరారా పిలిచేది. సాయంత్రం ఆవిడ మోకాళ్ళకి ఆముదం రాసేది. నాకు ఒళ్ళు మండేది. పెద్దమ్మ వాకిట్లో నులక మంచం వేసుకుని పక్కింటి ఒరియా ఆవిడతో కబుర్లు చెబుతుంటే, మా అమ్మ చేతులు మోచేతుల దాకా నల్లగా ఉండేవి. ఒకరోజు ఆ మాటే అన్నాను. అమ్మ నవ్వి, పెద్దవాళ్ళకి చేస్తే అరిగిపోతామా అంది. ఆవిడ దృష్టిలో పని వేరు, అద్దె వేరు. పని ప్రేమతో చేసేది. అద్దె మాత్రం పరువు.

ఆ పరువు కోసం మేము ఏమేం మానుకున్నామో చెబితే ఇప్పటి పిల్లలు నమ్మరు. పాలు పావు సేరు మించి కొనేది కాదు, అదీ తమ్ముడికే. నాకు టీ నీళ్ళలో వాడి గిన్నె కడిగిన పాలు. తలకి నూనె ఆదివారం మాత్రమే. బజారుకి ఎంత ఎండైనా నడకే, రిక్షా అన్న మాట మా ఇంట్లో పలికితే నేరం. నా బడి గౌను పొట్టిదైతే అమ్మ కింద వేరే గుడ్డ అతికింది, ఆ ఏడాదీ, మళ్ళీ ఏడాదీ. మిషను ఉంటే ఎంత బాగా కుట్టేదో, చేత్తో కుట్టింది. వానల్లో తమ్ముడు దగ్గుతో నెల్లాళ్ళు బాధపడ్డాడు. ప్రైవేటు డాక్టరు దగ్గరికి తీసుకెళ్దామని అమ్మ అంటే, ఈ నెల చేతిలో లేదు, అద్దె కట్టేశానన్నాడు నాన్న. అద్దె కట్టేశానంటే ఆవిడకి అదొక సమాధానం. మిరియాల కషాయం కాచి వాడిని ఒళ్ళో వేసుకుని కూర్చుంది.

ప్రతి నెలా జీతం రోజున నాన్న ఇంటికి వచ్చి, ముందుగదిలోకి వెళ్ళి కాసేపు పెదనాన్నతో మాట్లాడి, తర్వాత మా గదికి వచ్చేవాడు. ఇచ్చేశావా అని అమ్మ అడిగేది. ఇచ్చేశానని ఆయన అనేవాడు. అప్పుడుగానీ అమ్మ మిగతా జీతం చేత్తో తీసుకునేది కాదు.

ఏడాదిన్నర ఇలా గడిచింది. ఈలోగా నాకు హిందీ గడగడా వచ్చేసింది. బడిలో అంతా హిందీయే, వీధిలో ఆట అంతా హిందీయే. నాన్న కూడా సాయంత్రాలు పక్కన కూర్చోబెట్టుకుని నేర్పేవాడు. నేను తప్పులేకుండా మాట్లాడితే భుజం తట్టి మురిసిపోయేవాడు. అమ్మకి మాత్రం ఒక్క ముక్క రాలేదు. వంటింట్లోంచి బయటికొస్తే కదా రావడానికి. కూరలబ్బాయితో బేరమైనా, రేషను షాపులో మాటైనా నేనే. అవతలివాళ్ళు నోరు తెరిస్తే చాలు, ఏటంటన్నారే అని అమ్మ నా వైపు చూసేది. నేను గొప్పగా చెప్పేదాన్ని.

ఒక ఆదివారం పగటిపూట క్వార్టర్లు తనిఖీ చేసేవాళ్ళు ఇద్దరు వచ్చారు. పెదనాన్న వెనక గది అద్దెకిచ్చి డబ్బు చేసుకుంటున్నాడని ఎవరో ఫిర్యాదు రాశారట. కంపెనీ క్వార్టరు అద్దెకివ్వడం తప్పు. తేలితే క్వార్టరు పోతుంది. పెదనాన్న ముఖం పాలిపోయింది. నాన్న బనీను మీద చొక్కా తొడుక్కుంటూ పరుగున వచ్చాడు. వాళ్ళు పెరట్లోకి వచ్చి మా గది చూశారు, గుమ్మం పసుపు చూశారు, తాడు మీద మా బట్టలు చూశారు. అమ్మ ఒక మూల బొగ్గు ఉండలు చేస్తోంది. నేను ఆవిడ పక్కనే ఉన్నాను. పెద్దమ్మ వంటింటి గుమ్మంలో నిలబడింది.

వాళ్ళలో పెద్దాయన నేరుగా మా నాన్ననే అడిగాడు, నెలకెంత ఇస్తున్నావని. నలభై అని నోరు జారితే అందరం వీధిన పడతాం. నాన్న చేతులు జోడించాడు.

"కిరాయా కుఛ్ నహీఁ దేతే సాబ్. మేరీ ఘర్‌వాలీ ఇన్‌కే ఘర్ కా సారా కామ్ కర్తీ హై. ఉసీ కే బదలే రహ్‌తే హైఁ."

పెదనాన్న అవునవునని తల ఊపాడు. పనామె బదులు ఈమెను పెట్టుకున్నాం, పనివాళ్ళకి వెనక గది ఇస్తే తప్పు లేదు కదా అని హిందీలోనే కలిపాడు. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. మా నాన్న ఇంత తెలివైనవాడని నాకు అప్పటిదాకా తెలియదు. అమ్మ నా మోచేతిని తట్టింది.

"ఏటంటన్నాడే మీ నాన్న?"

నవ్వు ఆపుకుంటూ ఆవిడ చెవిలో చెప్పాను. "మనం అద్దె ఇవ్వటం నేదట. నువ్వు ఈళ్ళింట్లో పనిమనిసివట. పన్జేత్తన్నావు గాబట్టి గదిచ్చారట. బలే సెప్పాడు గదమ్మా."

అమ్మకీ నవ్వొచ్చింది. నిజంగానే వచ్చింది, ఆ నవ్వు నేను చూశాను. నవ్వుతూనే, విన్నావా అప్పా మా ఆయన చమత్కారం అన్నట్టు పెద్దమ్మ వైపు తల తిప్పింది. పెద్దమ్మ నవ్వడం లేదు. ఆవిడకి హిందీ బాగా వచ్చు. అమ్మ చూపు తగలగానే చీర చెంగు సర్దుకుంటూ తల దించుకుంది. అమ్మ మళ్ళీ నాన్న వైపు చూసింది. ఆయన అమ్మని చూడటం లేదు. ఇద్దరు అన్నదమ్ములూ ఒక్క సంగతి మర్చిపోయారు. అమ్మకి హిందీ రాదని గుర్తుంది గానీ, నాకొచ్చని గుర్తులేదు.

తనిఖీవాళ్ళు ఏదో హెచ్చరించి వెళ్ళిపోయారు. అమ్మ లేచింది. చేతులు కడుక్కోలేదు. పెద్దమ్మ దగ్గరికి వెళ్ళి మెల్లగా అడిగింది.

"అప్పా, మేం నెలకెంతిత్తన్నాం అద్దె?"

పెద్దమ్మ కాసేపు నసిగింది. తర్వాత ఆవిడకే విసుగొచ్చినట్టుంది. "అలాగడుగుతావేటమ్మా. గదికి డబ్బులివ్వలేను వదినా, పనంతా మా ఆడది సూసుకుంతాది అనీసి మీ ఆయనే గదా అన్నాడు. అందుకే గదా ఆ అంట్లమ్మిని మానిపించీసినాను. నీకు సెప్పలేదేటి?"

నాకు ఆ క్షణంలో అంతా అర్థమైందని చెప్పను. తొమ్మిది దాటి పదిన్నర వచ్చినదాన్ని. అమ్మ ముఖం చూసి భయం వేసింది, అంతే. ఆవిడ ఏడవలేదు. కుళాయి కిందికి వెళ్ళి చేతులు కడుక్కుంది, గోళ్ళలో నలుపు పోయేదాకా పీచుతో రుద్దుకుంటూనే ఉంది. ఆ రోజు సాయంత్రం పొయ్యి పెద్దమ్మే రాజేసుకుంది. అలవాటు తప్పిందేమో, పెరడంతా పొగ.

నాన్నని అమ్మ గదిలోకి పిలిచింది. మమ్మల్ని బయటికి పొమ్మనలేదు. జీతం ఎంత అని అడిగింది. నాన్న గోడ వైపు చూస్తూ రెండు వందల నలభై అన్నాడు. మమ్మల్ని తెచ్చిన రోజు నుంచీ అంతే. రెండు వందల ఎనభై అని ఎప్పుడూ లేదు. లేని నలభైని ఉందని చెప్పి, ఆ లేని నలభయ్యే అద్దెకి పోయిందని చెప్పి, లెక్క సరిచేశాడు. నెల నెలా ముందుగదిలోకి వెళ్ళి ఆయన ఇచ్చిందేమీ లేదు, కాసేపు కూర్చుని వచ్చేవాడు. మేము మానుకున్న పాలూ, నూనే, తమ్ముడి డాక్టరూ ఏ అద్దెకీ పోలేదు. అమ్మ ఆ గదిని రెక్కలతో కొంటూనే ఉంది, మళ్ళీ కడుపు మాడ్చుకుని కొంటున్నాననుకుంది.

నాన్నకి కోపం వచ్చింది. తప్పు బయటపడితే ఆయనకి ముందు వచ్చేది అదే. పిల్లల కోసమే కదా, మనమంతా ఒకచోట ఉండాలనే కదా అని గొంతు పెంచాడు. "నిజం సెప్తే నువ్వు వచ్చీదానివా?"

"వచ్చీదాన్ని కాను," అంది అమ్మ. "అది నీకూ తెలుసు గదా. తెలిసే సేసినావు."

పేదవాడు అబద్ధమాడితే నాకు కోపం లేదు. అంత జీతంలో కుటుంబాన్ని పరాయి ఊరు తెచ్చుకోవాలంటే ఏదో ఒకటి తగ్గించాలి. ఆయన తగ్గించింది మా అమ్మని. పెళ్ళాం చాకిరీని బేరంలో పెట్టి, ఆ బేరం సంగతి ఒక్క ఆవిడకే చెప్పలేదు. మేనమామ ఇంట్లో ఆవిడ ఏ బతుకు బతికిందో తెలిసినవాడు, తెలిసిన ఒకే ఒక్క మనిషి, మళ్ళీ అదే బతుకులోకి గుమ్మానికి పసుపు రాయించి మరీ తీసుకెళ్ళాడు. దాన్ని నేను క్షమించలేదు. ఆయన పోయి చాలా ఏళ్ళయినా క్షమించలేదు.

వినాయక చవితి పందిట్లో అమ్మకి పరిచయమైన తెలుగు ఇంజనీరు గారి భార్య ఒకావిడ ఉండేది, బొబ్బిలి వైపు మనిషి. మన వంట వచ్చినవాళ్ళు దొరకడం లేదని అనేది. అమ్మ నన్ను వెంటబెట్టుకుని వాళ్ళింటికి నడిచివెళ్ళి, వంట చేస్తాను, జీతం ఎంతిస్తారని అడిగింది. ఆవిడ ముందు తెల్లబోయి, తర్వాత ఒప్పుకుంది. ఈ సంగతి తెలిసి నాన్నకి తల కొట్టేసినట్టయింది. ఒకరింట్లో వంటమనిషిగా చేస్తే నలుగురిలో మన పరువేం కావాలి అన్నాడు.

"ఏడాదిన్నర సేసిన పనే కదా," అంది అమ్మ. "జీతం పుచ్చుకుంతే పరువు పోద్దేటి?"

నెల తిరక్కుండా పెదనాన్న ఇల్లు విడిచాం. వెళ్ళేటప్పుడు పెద్దమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆవిడ దుఃఖం నిజమైనదే, మర్నాటి అంట్లు కూడా నిజమైనవే. ఊరి చివర రిసాలి అనే పేట దాటాక ఒక పల్లెలో పెంకుటింటి గది దొరికింది. మట్టి గోడలు, కరెంటు లేదు, నీళ్ళు నూతి నుంచి. అద్దె అమ్మ జీతంలో సగం. ఖర్చులుండవన్న భిలాయిలో మాకు నిజమైన ఖర్చులు ఆ గదిలోనే మొదలయ్యాయి: కిరసనాయిలు, చీపురు, సొంత సిగ్డీ, సొంత బొగ్గు. కానీ తమ్ముడికి అర సేరు పాలొచ్చాయి. ఎనభైల్లో నాన్న జీతం బాగా పెరిగింది, ఇంకా మంచి ఇంటికి మారాం. అప్పుడు కూడా అమ్మ వంట పని మానలేదు, అద్దె నాన్న చేతికివ్వలేదు.

ఆ పెంకుటింట్లో మొదటి నెల అద్దె ఇచ్చిన రోజు నాకు బాగా గుర్తు. ఇంటావిడ ఛత్తీస్‌గఢీ ముసలమ్మ. అమ్మ తన డబ్బు తన చేత్తో ఆవిడ చేతిలో పెట్టింది. ముసలమ్మ ఏదో అంది, నేను తెలుగులో చెప్పాను. ఎన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళు ఉండమంటోందని. అమ్మ ముఖం ఆ రోజు చూడాలి. మంచం మీద కూర్చున్న నాన్నకి ఆ ముఖమే ఓర్వలేకపోయింది. ఆవిణ్ణి అనే ధైర్యం లేక నా మీద పడ్డాడు.

"నీకు హిందీ నేర్పింది ఇందుకేటే? ఆ రోజు నువ్వు నోరు మూసుకునుంటే మనకీ గతి పట్టీది కాదు."

నేను బిక్కచచ్చిపోయాను. పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో మాటా నేర్పి మురిసిపోయిన మనిషి ఆయనే. అమ్మ వచ్చి నన్ను తన వెనక్కి లాక్కుంది.

"దాన్నేటనకు. ఆ ఇంట్లో నాకు నిజం సెప్పింది అదొక్కర్తే."

నాన్న లేచి బయటికి వెళ్ళిపోయాడు. అమ్మ నా తల నిమురుతూ ఉంది. ఆ చెయ్యి తల మీద ఉండగా నేను నోరు విప్పలేదు, తర్వాత ఎన్నేళ్ళు గడిచినా విప్పలేకపోయాను. ఆ రోజు నేను అమ్మకి నిజం చెప్పలేదు. నాన్న మన కోసం ఎంత బాగా అబద్ధమాడుతున్నాడో వినమని చెప్పాను.